పాత కారును ఈడ్చుకెళ్లాలా, ట్రైలర్ మీద ఎక్కించాలా?

ప్రశ్న: మా తాతగారు వాడిన 1929 నాటి ఫోర్డ్ మోడల్ ఎ కారు చాలా ఏళ్లుగా షెడ్డులోనే కదలకుండా ఉంది. ఇన్నాళ్లకు దాన్ని బాగు చేయించాలని పూనుకున్నాను. ఆ పని తెలిసిన మెకానిక్ మాకు సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. నా ఎస్‌యూవీకి హిచ్ (వెనక ట్రైలర్ తగిలించే అమరిక) ఉంది. నా స్నేహితుడు తన దగ్గరున్న టో బార్ (కారును వెనక కట్టి లాగే ఇనుప బద్ద) ఇస్తానంటున్నాడు. చక్రాలు తిరుగుతుంటే చాలు, న్యూట్రల్‌లో పెట్టి లాక్కెళ్లిపొమ్మంటున్నాడు. మా అన్నయ్య మాత్రం ట్రైలర్ అద్దెకు తీసుకోమంటున్నాడు. నేనెప్పుడూ ట్రైలర్ కట్టి బండి నడపలేదు. ఏది మేలు? ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకుడు

జవాబు: మీ అన్నయ్య మాట వినండి. ఇన్నేళ్లు కదలని కారును అంత దూరం టో బార్‌తో లాక్కెళ్లవద్దు. మీ స్నేహితుడు చెప్పింది పూర్తిగా తప్పని అనను. టో బార్‌తో మోడల్ ఎ కార్లను క్షేమంగా లాక్కెళ్లినవాళ్లు ఉన్నారు. అయితే అవి రోజూ తిరుగుతున్న కార్లు, వెళ్లింది కొద్ది దూరం. మీ కారు సంగతి వేరు.

టో బార్ కట్టినప్పుడు ప్రయాణం చేసేది మీ ఎస్‌యూవీ ఒక్కటే కాదు, వెనక ఉన్న పాత కారు కూడా. దాని టైర్లు, బేరింగులు, స్టీరింగ్ కీళ్లు, గేరుబాక్సు అన్నీ ఆ 300 కిలోమీటర్లూ పనిచేయాలి. వాటిలో ఏది ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికే కదా మీరు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తున్నారు! పరీక్ష చేయించకముందే వాటి మీద అంత భారం మోపడం ఆ కారుకు అన్యాయం. ట్రైలర్ మీద ఎక్కిస్తే పాత కారు కదలకుండా కూర్చుంటుంది, శ్రమంతా ట్రైలర్ చక్రాలది.

న్యూట్రల్‌లో పెడితే గేరుబాక్సుకు ఏమీ కాదనే నమ్మకం చాలామందిలో ఉంది. కాబట్టి ఆ విషయం కాస్త వివరంగా చెప్పాలి. మోడల్ ఎ గేరుబాక్సులో నూనెను పైకి చిమ్మేది కింద ఉండే పళ్ల చక్రాల గుత్తి. దాన్ని తిప్పేది ఇంజను. ఇంజను ఆగి ఉండి, కారు న్యూట్రల్‌లో ఉన్నప్పుడు ఆ గుత్తి తిరగదు. వెనక చక్రాలు మాత్రం దొర్లుతూ ప్రొపెల్లర్ షాఫ్టును (గేరుబాక్సును వెనక ఇరుసుతో కలిపే పొడవాటి కడ్డీని), దాంతోపాటు గేరుబాక్సులోని పై షాఫ్టును తిప్పుతూనే ఉంటాయి. అంటే తిరిగే భాగం తిరుగుతూనే ఉంటుంది, దానికి నూనె అందించాల్సిన భాగం నిలిచిపోతుంది. పై షాఫ్టు ముందు కొనను మోసే చిన్న బేరింగ్‌కు ఈ దెబ్బ ముందుగా తగులుతుంది. రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా వెళ్తే ఏమీ కాకపోవచ్చు. గంటల తరబడి వెళ్తే లోపల అరుగుదల మొదలవుతుంది, బయటికి ఏ చప్పుడూ రాదు.

ఇలాంటప్పుడు చాలా కార్లకు ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి పక్కన పెట్టేస్తారు. మోడల్ ఎలో ఆ వీలు లేదు. దాని షాఫ్టు ఒక గొట్టం లోపల ఉంటుంది, ఆ గొట్టం ఇరుసుకు, గేరుబాక్సుకు మధ్య గట్టిగా బిగించి ఉంటుంది. అది విప్పాలంటే వెనక ఇరుసు మొత్తం కదిలించాలి. అంతకుముందు వచ్చిన మోడల్ టిలోనూ షాఫ్టు గొట్టంలోనే ఉంటుంది. ఆటోమేటిక్ గేరుబాక్సు ఉన్న పాత కార్లకైతే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. వాటిలో చాలావాటికి నూనె పంపు ఇంజను తిరిగితేనే పనిచేస్తుంది. వాటిని వెనక చక్రాలు నేల మీద ఉంచి లాగకూడదు.

ఇక బ్రేకులు. మీ ఎస్‌యూవీ హ్యాండ్‌బుక్ తీసి చూడండి. ఎంత బరువు లాగవచ్చో చెప్పే చోట రెండు అంకెలు ఉంటాయి. ఒకటి సొంత బ్రేకులున్న ట్రైలర్‌కు, రెండోది బ్రేకులు లేనిదానికి. మొదటిది రెండు వేలో రెండున్నర వేలో కిలోలు ఉండవచ్చు. రెండోది చాలా బండ్లకు 750 కిలోల దగ్గరే ఆగిపోతుంది. అందరి చూపూ పెద్ద అంకె మీదే పడుతుంది. మీ మోడల్ ఎ బరువు బాడీ రకాన్ని బట్టి సుమారు ఒక టన్ను, కొంచెం అటూ ఇటూ. టో బార్‌తో కట్టిన కారు బ్రేకులు ఎవరూ నొక్కరు. కాబట్టి అది బ్రేకుల్లేని ట్రైలర్ కిందే లెక్క. మీ ఎస్‌యూవీకి అనుమతించిన బరువును అప్పుడే దాటేశారన్నమాట. యూరప్ దేశాల్లో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలన్నది చట్టం. మీరున్న చోట నియమం ఏమిటో, మీ లైసెన్సు ఎంత బరువు వరకు చెల్లుతుందో, బీమా వర్తిస్తుందో లేదో బయలుదేరే ముందే రవాణా శాఖను, బీమా సంస్థను అడగండి.

బ్రేకుల్లేని టన్ను బరువు వెనక ఉంటే ఏమవుతుంది? తిన్నని రోడ్డు మీద ఏమీ తెలియదు. పల్లంలో, అదీ మలుపులో బ్రేకు వేసినప్పుడు తెలుస్తుంది. వెనక కారు మీ బండి తోకను పక్కకు తోస్తుంది. పైగా మోడల్ ఎ ముందు ఇరుసును వెనక్కి పట్టి ఉంచేది వి ఆకారంలో ఉండే ఒక కడ్డీ. దాని కొస ఇంజను వెనక భాగం కింద ఒక గిన్నెలాంటి కీలులో కూర్చుంటుంది. టో బార్‌ను ఇరుసుకు కడితే మీరు బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ తోపు అంతా అరిగిపోయిన ఆ కీలు మీదే పడుతుంది. బంపరుకు కట్టడం గురించి చెప్పనే అక్కర్లేదు, అది ఊడి చేతికొస్తుంది.

ఒక్క సందర్భంలో టో బార్‌కు ఒప్పుకుంటాను. షెడ్డు ముందు దారి ఇరుకై ట్రైలర్ లోపలికి రాలేకపోతే, రోడ్డు వరకు కారును మెల్లగా లాగవచ్చు. అప్పుడు కూడా మనిషి నడిచే వేగం చాలు. బార్‌ను చట్రానికి, రెండువైపులా ఆరపార బోల్టులతో బిగించండి. గొలుసులు తప్పక వేయండి. పాత కారు సీట్లో ఒకరు కూర్చుని హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి ఉంచాలి. టో బార్ కట్టి ఉండగా రివర్సు చేయకండి. ముందు చక్రాలు ఒక పక్కకు పూర్తిగా తిరిగిపోయి, బారో స్టీరింగ్ కడ్డీయో వంగుతుంది. వెనక్కి వెళ్లాల్సి వస్తే బార్ విప్పి కారును చేత్తో తోయండి. తాడు కట్టి లాగడం మాత్రం ఎంత తక్కువ దూరమైనా వద్దు.

ఇప్పుడు ట్రైలర్ ఎంపిక. రెండు ఇరుసులది, అంటే నాలుగు చక్రాలది తీసుకోండి. ఒక టైరు పగిలినా మిగిలినవి కాస్సేపు మోస్తాయి, ఊగిసలాట కూడా తక్కువ. సొంత బ్రేకులు ఉండాలి, అవి పనిచేస్తున్నాయో లేదో అద్దెకిచ్చే చోటే చూపించమనాలి. కార్లు మోసే ఇలాంటి ట్రైలర్లు ఖాళీగానే 500 నుంచి 900 కిలోల వరకు తూగుతాయి. మీ కారు టన్ను, ట్రైలర్ 700 అనుకుంటే లాగాల్సింది 1,700 కిలోలు. ఇది హ్యాండ్‌బుక్‌లో బ్రేకులున్న ట్రైలర్‌కు చెప్పిన అంకె లోపలే ఉండాలి. మీకిది మొదటి ప్రయాణం కాబట్టి మొత్తం బరువు మీ ఎస్‌యూవీ సొంత బరువులో 85 శాతం మించకుండా చూసుకోమని నా సలహా. అంత బరువున్న బండి మీది కాకపోతే, ఆ ఒక్క రోజుకు అలాంటి బండి ఉన్న అనుభవజ్ఞుణ్ణి పిలవండి. కారులో విడిభాగాల పెట్టెలు, సామాన్లు నింపి పంపకండి. బరువు పెరుగుతుంది, అవి లోపల దొర్లి కారును పాడుచేస్తాయి కూడా. విడిభాగాలు ఎస్‌యూవీలో పెట్టుకోండి.

ట్రైలర్ టైర్లను చూసేటప్పుడు గాడుల లోతు చూసి సంతృప్తి పడకండి. ట్రైలర్లు ఎక్కువ కాలం నిలిచే ఉంటాయి. గాడులు కొత్తగా ఉన్నా రబ్బరు ముసలిదై ఉంటుంది. టైరు పక్క గోడ మీద డీఓటీ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు కనిపిస్తాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేళ్లు దాటిన టైర్లున్న ట్రైలర్ నేనైతే తీసుకోను. గాలి పీడనం టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడండి. స్పేర్ టైరు, దానికి సరిపోయే పానా, ఆ బరువు ఎత్తగల జాకీ ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. ఎస్‌యూవీ జాకీ ట్రైలర్‌కు పనికిరాకపోవచ్చు.

హిచ్ బంతి, దాని మీద కూర్చునే ట్రైలర్ టోపీ ఒకే కొలతవి కావాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ ట్రైలర్లు ఊడిపోవడానికి ఇదొక పెద్ద కారణం. అమెరికా కొలతల్లో 1 7/8 అంగుళాల బంతి ఒకటి, రెండంగుళాలది ఒకటి ఉన్నాయి. మిల్లీమీటర్లలో 47.6, 50.8. తేడా మూడు మిల్లీమీటర్లే, కంటికి ఆనదు. చిన్న బంతి మీద పెద్ద టోపీ కూర్చుంటుంది, గడియ కూడా పడుతుంది. ఇంటి ముందు అంతా సవ్యంగానే ఉంటుంది. రోడ్డు మీద ఒక గుంతలో టోపీ ఎగిరి బయటపడుతుంది. కొలత సాధారణంగా బంతి నెత్తి మీద, టోపీ పైన ముద్రించి ఉంటుంది. రెండూ చదవండి. తగిలించిన తర్వాత గడియ వేసి, ట్రైలర్ ముందు చక్రపు జాకీతో ట్రైలర్ మూతిని పైకి లేపి చూడండి. సరిగా పడితే ఎస్‌యూవీ వెనక భాగం కూడా దాంతో పాటే లేస్తుంది. లేవకుండా టోపీ విడివడితే గడియ పడలేదన్నమాట. ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి.

ఆ తర్వాత గొలుసులు. మూతి కింద రెండింటినీ ఒకదానికొకటి అడ్డంగా, కుడిది ఎడమకు, ఎడమది కుడికి తగిలించండి. టోపీ ఊడినా మూతి నేలను గుద్దుకోకుండా ఆ గొలుసుల మీద ఆగుతుంది. మలుపులకు సరిపడా వదులుండాలి, నేలకు తగిలేంత వద్దు. ట్రైలర్ పూర్తిగా విడిపోతే దాని బ్రేకులను తనంతట తానే పట్టించే సన్నని తీగ ఒకటి ఉంటుంది. దాన్ని బంతి మెడకు చుట్టేస్తుంటారు. బంతే ఊడితే ఆ తీగ ఎందుకు? హిచ్ చట్రానికి వేరే చోట తగిలించండి. లైట్లన్నీ, ఇండికేటర్లతో సహా, మరొకరిని వెనక నిలబెట్టి చూడండి.

కారును ఎక్కించే ముందు రోజే షెడ్డుకు వెళ్లి ఒక్కో చక్రాన్ని జాకీతో లేపి చేత్తో తిప్పి చూడండి. ఏళ్లు నిలిచిన కారులో బ్రేకు లైనింగు డ్రమ్ముకు అంటుకుపోయి ఉండటం మామూలే. చెక్క సుత్తితో డ్రమ్ము అంచు మీద చుట్టూ మెల్లగా తడితే చాలాసార్లు వదులుతుంది. బలవంతంగా ఈడిస్తే లైనింగు చీలుతుంది. అస్సలు తిరగని చక్రం కింద చిన్న చక్రాలున్న పలకలు పెట్టి దొర్లించండి. టైర్లలో గాలి నిలవకపోతే, పాతవైనా గాలి పట్టే ట్యూబులు తాత్కాలికంగా వేయించండి. గాలి లేని టైరు మీద కారును కట్టి పంపితే దారిలో పట్టీలు వదులవుతాయి.

మోడల్ ఎ ఎత్తుగా ఉంటుంది కాబట్టి ర్యాంపు ఎక్కేటప్పుడు కింద తగిలే భయం లేదు. ఎడమ, కుడి చక్రాల నడుమ దూరం 56 అంగుళాలు, అంటే 142 సెంటీమీటర్లు. ఇప్పటి కార్లకు ఇంతకంటే ఎక్కువ ఉంటుంది, మధ్యలో ఖాళీ ఉండి రెండు పట్టాలుగా ఉండే ట్రైలర్లు వాటి కోసమే చేసి ఉంటారు. మీ సన్నని టైర్లు పట్టాల లోపలి అంచు మీద వేలాడే అవకాశం ఉంది. కాబట్టి మధ్యలో నిండుగా పలకలున్న ట్రైలర్ అడగండి, లేదా టేపుతో కొలిచి చూసుకోండి.

ఇంజను పనిచేసినా సరే, దాన్ని నడిపి ఎక్కించకండి. వించ్‌తో, అంటే ఇనుప తాడును చుట్టుకుంటూ లాగే యంత్రంతో, లాగండి. వించ్ కొక్కేన్ని ముందు ఇరుసుకు రెండు పక్కలా సమంగా వచ్చే పట్టీకి తగిలించండి, బంపరుకు కాదు. లాగుతున్నప్పుడు ఇనుప తాడుకు ఎదురుగా గానీ, కారు వెనక గానీ ఎవరూ ఉండకూడదు. పిల్లలను ఆ దరిదాపుల్లోకి రానివ్వకండి. తాడు మధ్యలో ఒక దళసరి దుప్పటి వేస్తే, తెగినప్పుడు కొస గాలిలోకి ఎగరకుండా అది ఆపుతుంది. పాత కారు బ్రేకును నమ్మలేం కనుక ఒకరు పక్కన నడుస్తూ, పొడవాటి కర్ర కొనకు బిగించిన చెక్క దిమ్మను వెనక చక్రం వెంట జరుపుతూ రావాలి. తాడు జారినా కారు ఆ దిమ్మ దగ్గరే ఆగుతుంది. ఈ పనిలో తొందర వద్దు, జానెడు జానెడుగా లాగినా ఫరవాలేదు.

పైకెక్కాక ఎక్కడ ఆపాలన్నది అతి ముఖ్యం. బరువులో సగానికి కొంచెం పైన, దాదాపు 60 శాతం, ట్రైలర్ ఇరుసుల మధ్య బిందువుకు ముందు ఉండాలి. బరువు వెనక్కి పోతే వేగం పెరిగే కొద్దీ ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, ఆ ఊపు తనంతట తానే పెరుగుతుంది. మోడల్ ఎ ఇంజను ముందే ఉంటుంది కనుక ముఖం ముందుకు పెట్టి ఎక్కించడం సహజం. వెనక ఇంజను ఉన్న ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ లాంటివాటికి ఈ లెక్క మారుతుంది. హిచ్ బంతి మీద పడే బరువు అమెరికా వాడుకలో ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలంటారు, యూరప్‌లో అంతకంటే తక్కువతో నడుపుతారు. మీ ఎస్‌యూవీకి, హిచ్‌కు విడివిడిగా పరిమితులు రాసి ఉంటాయి. ఆ రెండింటిలో తక్కువదాన్ని మించకండి. కారును అరడుగు ముందుకో వెనక్కో జరిపితే ఈ బరువు ఎంతో మారుతుంది. సరైన చోటు దొరికాక ట్రైలర్ పలక మీద ముందు టైరు పక్కన సుద్దముక్కతో గీత గీయండి. దారిలో ఆగిన ప్రతిసారీ ఆ గీత చూస్తే కారు కదిలిందో లేదో వెంటనే తెలుస్తుంది.

కట్టడం గురించి కాస్త ఎక్కువ చెబుతాను. ఎక్కువ పాత కార్లు పాడయ్యేది ఇక్కడే. 50 మిల్లీమీటర్ల వెడల్పున్న నాలుగు రాచెట్ పట్టీలు (మీట ఆడించి బిగించేవి) కావాలి. పట్టీ మీద రెండు బలాలు రాసి ఉంటాయి, తెగే బలం, పనిచేసే బలం. చూడాల్సింది పనిచేసే బలం. ఒక్కొక్కటి 1,500 కిలోలకు తగ్గకూడదు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు మీ కారు తన బరువులో 80 శాతం బలంతో ముందుకు దూకాలని చూస్తుంది. సరుకు కట్టడానికి యూరప్ ప్రమాణాల్లో పెట్టుకున్న లెక్క కూడా ఇదే. పక్కలకు, వెనక్కి సగం బరువు. చాలామంది ముందు పట్టీలను గట్టిగా లాగి, వెనకవి నామమాత్రంగా కడతారు. బ్రేకు వేసినప్పుడు కారును ఆపేది వెనక్కి లాగి కట్టిన పట్టీలే. వాటిని మొదటి శ్రద్ధతో కట్టండి.

పట్టీలను చట్రానికి కట్టవద్దు, ఇరుసులకు కట్టండి. మోడల్ ఎ అటూ ఇటూ అడ్డంగా ఉండే కమాను కట్టల మీద నిలబడుతుంది. చట్రానికి బిగిస్తే ఆ కమాన్లు నొక్కుకుపోతాయి. గుంత వచ్చినప్పుడు ఇంకా నొక్కుకుని పట్టీ ఒక్క క్షణం వదులవుతుంది, కొక్కెం జారిపోవడానికి ఆ క్షణం చాలు. ఇరుసుకు కడితే కింది భాగం ట్రైలర్‌తో ఒకటైపోతుంది, పై బాడీ కమాన్ల మీద హాయిగా ఊగుతుంది. పట్టీ బిగువు మారదు.

ఇరుసు మీద ఎక్కడ అన్నది పడుకుని టార్చి వేసి చూడాల్సిందే. ముందు ఇరుసు వెనకే చక్రాలను కలిపే స్టీరింగ్ కడ్డీ ఉంటుంది, ఆ పట్టీ దానికి ఆనితే కడ్డీ వంగుతుంది. ఈ కారు బ్రేకులు నూనె గొట్టాలవి కావు, నాలుగు చక్రాలకూ సన్నని ఇనుప కడ్డీలు వెళ్తాయి. పట్టీ వాటి మీద పడితే కారు దిగాక ఒక చక్రం పట్టేసి ఉంటుంది. ఇరుసు చుట్టూ వేయడానికి మెత్తని తొడుగున్న చిన్న పట్టీలు దొరుకుతాయి. వాటిని ఇరుసుకు చుట్టి, వాటి కళ్లకు రాచెట్ పట్టీలు తగిలించడం మంచిది. ఇనుప కొక్కేలు నేరుగా ఇరుసుకు తగలవు, రంగు పోదు. చక్రాల కమ్మీల గుండా పట్టీ దూర్చకండి. అవి వంగుతాయి.

పట్టీలు కిందికి, బయటికి ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీల్లో రావాలి. వెనక రెండింటినీ ఒకదానికొకటి అడ్డంగా వేస్తే కారు పక్కకు జరగదు. ప్రతి పట్టీకి ఒక్క మెలిక ఇవ్వండి. బల్లపరుపుగా ఉన్న పట్టీ గాలికి కంపిస్తూ మోగుతుంది, ఆ కంపనకే అంచులు చీకి వదులవుతుంది. మిగిలిన కొసలను చుట్టి ముడివేయండి. బిగించడం పూర్తయ్యాక కారును పక్క నుంచి గట్టిగా తోయండి. బాడీ ఊగాలి, చక్రాలు కదలకూడదు. హ్యాండ్‌బ్రేకు, గేరు వేసి ఉంచవచ్చు గానీ వాటిని లెక్కలోకి తీసుకోకండి. వించ్ తాడును కూడా కట్టుగా లెక్కించకండి.

ఇప్పుడు పెట్రోలు సంగతి. మోడల్ ఎలో పెట్రోలు ట్యాంకు ముందు అద్దానికి కిందే, మీ మోకాళ్లకు ఎదురుగా ఉంటుంది. పంపు లేదు, పెట్రోలు తన బరువుతోనే కార్బ్యురేటర్‌లోకి దిగుతుంది. ట్రైలర్ మీద కుదుపులకు కార్బ్యురేటర్ లోపలి సూది ఎగిరెగిరి పడి పెట్రోలు పొంగి కారుతుంది. డ్యాష్‌బోర్డు కింద ఒక కుళాయి ఉంది, దాన్ని మూయండి. పాత పెట్రోలు ఉంటే ముందే ఖాళీ చేయించండి, అది ఎలాగూ చెడిపోయి ఉంటుంది. బ్యాటరీ తీగ తీసేయండి. మంటలార్పే సిలిండరు ఎస్‌యూవీలో, చేతికందే చోట పెట్టుకోండి.

రంగు పాడవుతుందని కారు మీద గుడ్డ కప్పవద్దు. వేగంగా వెళ్తుంటే గుడ్డ కొట్టుకుంటూ, కింద చేరిన దుమ్ముతో రంగును గరుకుకాగితంలా రాపిడి చేస్తుంది. కప్పు గుడ్డదైతే అది ఎంత పాతదో చూసి, చీకితే విప్పి లోపల పెట్టండి. ఈ కారు తన జీవితంలో ఎప్పుడూ అంత గాలిని ఎదుర్కొని ఉండదు. బోనెట్ గడియలను మెత్తని పట్టీతో కట్టండి. తలుపుల బందులు వెనక వైపు ఉంటే గాలి వాటిని తెరిచేస్తుంది, గడియ పట్టుకోకపోతే ఊడేదాకా లాగుతుంది, కాబట్టి హ్యాండిళ్లను లోపలి నుంచి కట్టండి. అద్దాలన్నీ మూసి ఉంచండి. ట్రైలర్ మీద కారు ఎంత ఎత్తుందో కొలిచి, ఆ అంకెను మీ స్టీరింగ్ ఎదురుగా అంటించండి. పెట్రోలు బంకుల పైకప్పులు, పార్కింగు కమ్మీల దగ్గర అది అక్కరకొస్తుంది.

బయలుదేరడానికి ముందు ఖాళీ ట్రైలర్‌తో పెద్ద ఖాళీ మైదానంలో ఒక పూట సాధన చేయండి. రివర్సు చేసేటప్పుడు స్టీరింగ్‌ను కింది భాగంలో పట్టుకుంటే, చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ తోక అటే వెళ్తుంది. మలుపుల్లో ట్రైలర్ లోపలి అంచుకు కోసుకుపోతుంది, కాబట్టి ఇంకాస్త ముందుకు వెళ్లి తిప్పండి.

వేగం 80 దాటకండి, పల్లాల్లో ఇంకా తక్కువ. 60 కిలోమీటర్ల నుంచి 80కి వెళ్తే ఆపాల్సిన శక్తి సుమారు 1.8 రెట్లవుతుంది. కొండ దిగేటప్పుడు దిగడానికి ముందే చిన్న గేరు వేసుకోండి. ట్రైలర్ ఊగడం మొదలైతే బ్రేకు మీద కాలు వేయకండి, వేగం పెంచి సరిచేయాలని చూడకండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని ఆక్సిలరేటర్ నుంచి కాలు తీసి వేగం తగ్గనివ్వండి. మీ ట్రైలర్‌కు విద్యుత్ బ్రేకులు ఉండి, వాటిని విడిగా నొక్కే మీట డ్రైవరు దగ్గర ఉంటే ఆ ఒక్కదాన్నే మెల్లగా నొక్కండి. ఊపు ఆగాక రోడ్డు పక్కన ఆపి బరువు ఎక్కడుందో మళ్లీ చూడండి. మళ్లీ అదే వేగంతో వెళ్లవద్దు.

మొదటి ఆగుడు 15 కిలోమీటర్ల లోపే పెట్టుకోండి. కొత్తగా బిగించిన పట్టీలు ఆపాటికి సాగి ఉంటాయి. ఆ తర్వాత ప్రతి గంటకూ ఆగండి. ప్రతి పట్టీని చేత్తో లాగి చూడండి. సుద్ద గీత చూడండి. గడియ, గొలుసులు చూడండి. ట్రైలర్ నాలుగు చక్రాల నడిమి భాగాలను, అంటే హబ్బులను, అరచేతి వెనక భాగంతో తాకండి. వెచ్చగా ఉంటే ఫరవాలేదు. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే బేరింగు పోతోందన్నమాట, లేదా బ్రేకు పట్టేస్తోంది. ఆ చక్రంతో ముందుకు వెళ్లకండి. చీకటి పడకముందే చేరేలా ఉదయాన్నే బయలుదేరండి.

అక్కడికి చేరాక, ట్రైలర్‌ను ఎస్‌యూవీ నుంచి విప్పకముందే కారును దించండి. విప్పేస్తే కారు వెనక్కి కదలగానే మూతి గాలిలోకి లేస్తుంది. ముందు వించ్ తాడు తగిలించి బిగువు తెచ్చి, చక్రాలకు దిమ్మలు పెట్టి, ఆ తర్వాతే పట్టీలు విప్పండి. వెనకవి ఆఖరున. కారు దిగిన తర్వాత మెకానిక్‌కు ఒక్క మాట చెప్పండి: పెట్రోలు కుళాయి మూసి ఉందనీ, బ్యాటరీ తీగ తీసి ఉందనీ, మీరు జాకీతో లేపి చూసినప్పుడు ఏ చక్రం పట్టేసిందో.